చెట్టునీరు పారే రోజు

వెర్నా తీబోకి జ్యూరీ పిలుపు మార్చి నెలలోనే వచ్చి పడిందంటే తప్పు ప్రభుత్వానిది కాదు, మొగుడిది. అసలు పిలుపు నవంబరులోనే వచ్చింది. అప్పుడామె మోకాలికి ఆపరేషనై మంచం మీద ఉంది. వాయిదా కోరే కాగితం రాయిస్ నింపాడు. జనవరి, మార్చి, జూన్ అని అందులో మూడు గళ్ళున్నాయి. జనవరిలో దారంతా మంచుగడ్డ, జూన్‌లో గడ్డికోతలు. అందుకని మార్చికి టిక్కు కొట్టి, మందుల మగతలో ఉన్న పెళ్ళాం చేత సంతకం పెట్టించాడు. తరవాత సంగతి తెలిసి ఆమె అగ్గి మీద గుగ్గిలమైతే, "ఒక్క రోజేగా" అన్నాడు. రాయిస్ కనెటికట్ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. వెర్మాంట్ కొండల్లో ముప్పై ఏళ్ళంటే మొన్న దిగినట్టే లెక్క. ఇక్కడ పుట్టినవాడెవడూ మార్చిలో ఒక్క రోజేగా అనడు.

మేపుల్ చెట్టుకి తిక్క ఎక్కువ. రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. అలాంటి రోజునే దాని ఒంట్లోంచి తియ్యనీరు గొట్టాల్లోకి దిగుతుంది. దిగిన నీరు ఆ రోజే కాచాలి, నిలవుంచితే పులుస్తుంది. నలభై బిందెలు కాస్తే ఒక్క బిందె పాకం. ఏడాది మొత్తానికి ఆరు వారాల పని. ఈ ఏడు అందులో మూడు వారాలు చలికి బిగుసుకుపోయి చెట్లు చుక్క విడవలేదు. ఆ మంగళవారం పొద్దున వెర్నా తలుపు తీసేసరికి గాలి మెత్తబడి ఉంది. మూడు వారాలుగా ఆమె ఎదురుచూస్తున్న మొదటి చుక్క చూరు మీంచి జారి, కోర్టుకి వేసుకున్న కోటు మీద పడింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే పిలుపు రద్దవదు కాబట్టి కారెక్కింది.

ఎక్కే ముందు రాయిస్‌కి గట్టిగా చెప్పింది. పొయ్యి ముట్టించొద్దు. చెట్టునీటి తొట్టి నిండితే నిండనీ, పొర్లితే పొర్లనీ, నేనొచ్చాక చూసుకుంటాను. నాలుగేళ్ళ కిందట రాయిస్ రేడియోలో ఆట వింటూ కూర్చుంటే పెనంలో నీరు ఇంకిపోయి, పాకం మాడి బొగ్గయి, పెనం అడుగు బొక్కపడింది. ఆనాటి నుంచి పాకం కాచే కొట్టంలో పొయ్యి దగ్గరికి అతనికి ప్రవేశం లేదు. అతనికేమీ బాధ లేదు. పొద్దునా మధ్యాహ్నమూ బడి బస్సు నడుపుకుంటాడు, మధ్యలో బడి దగ్గరే బస్సులో కునుకు తీస్తాడు.

కోర్టు ముందు గుమ్మంలోనే ఫోన్లు తీసేసుకున్నారు. పక్కన ఒకావిడ దగ్గర అల్లిక సూదులు కూడా తీసుకున్నారు, సగం అల్లిన మేజోడు చేతిలో పెట్టుకుని ఆవిడ దిక్కులు చూసింది. కింది అంతస్తులో పెద్ద గది, అరవైమంది, ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు. ఈ అరవైమందిలోంచి పన్నెండుమందిని ఏరి జ్యూరీగా కూర్చోబెడతారు, కేసు విని తప్పొప్పులు తేల్చేది వాళ్ళే. పౌరధర్మం గురించి ఒక వీడియో వేశారు. శబ్దం రాలేదు. బాగు చేసి మళ్ళీ మొదటినుంచీ వేశారు. అందులో ఒక పెద్దమనిషి జెండా ముందు నిలబడి, మీరు చేస్తున్నది చాలా గొప్ప పని అని రెండుసార్లు చెప్పాడు. తరవాత ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక బల్ల మీద బొమ్మముక్కల అట్టపెట్టె ఉంది. ముగ్గురు ముసలాళ్ళు దాని మీద పడి వంతెన బొమ్మ మొత్తం పేర్చేశారు. చివరికి ఆకాశంలో నాలుగు ముక్కలు లేవని తేలింది. గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోంది. అది సరిగ్గా నడిచినా ఆ గదిలో పొద్దు కదిలేది కాదు.

వెర్నాకి గడియారంతో పని లేదు. పెనం కింద పొయ్యికి ఏడు నిమిషాలకోసారి కట్టెలు వెయ్యాలి. చిన్నప్పటినుంచీ ఆ పనే చేసిన ఒళ్ళు అది. ఎక్కడ కూర్చోబెట్టినా ఏడు నిమిషాలయ్యేసరికి లేవాలంటుంది. కుడికాలు దానంతటదే అదురుతుంది. తొమ్మిదిన్నరకి ఆ కాలు అదరడం మొదలుపెట్టింది. పక్కాయన ఒకసారి చూశాడు, రెండోసారి చూశాడు, మూడోసారి లేచి వేరే కుర్చీకి వెళ్ళిపోయాడు.

కిటికీ అవతల రేకు కాలవ ఉంది. కోర్టు కప్పు మీద మంచు కరిగి అందులో పడుతోంది. మొదట టక్కు, చాలాసేపటికి మళ్ళీ టక్కు. పదయ్యేసరికి టక్కుటక్కుమని వరసగా. గదిలో సగంమందికి ఆ చప్పుడు చెవికెక్కడం లేదు. మిగతా సగం ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని కిటికీ వైపే చూస్తున్నారు. కాచేవాళ్ళెవరో కానివాళ్ళెవరో ఆ చూపులతోనే తెలిసిపోతోంది.

ఖాళీ అయిన కుర్చీలోకి వెండెల్ స్ప్రేగ్ వచ్చి కూలబడ్డాడు. కొండకి అవతలి వైపు అతని తోట. డెబ్భై ఏళ్ళవాడు, వెర్నా కన్నా రెండింతలు చెట్లున్నాయి, పది రెట్లు నోరుంది.

"నీ తొట్టి ఎంతది?" అన్నాడు.

"ఆరొందల గ్యాలన్లు."

"రెండింటికి పొర్లుతుంది."

"తెలుసు, చెప్పక్కర్లేదు. నీకేం, కాయడానికి కొడుకున్నాడు."

"ఉన్నాడు. అదిగో, నాలుగో వరసలో. మా ఇద్దర్నీ ఒకే రోజు పిలిచారు మహానుభావులు. కోడలు కాస్తానంది. ఆ పిల్ల చేతి కాఫీ తాగినవాణ్ణి, పాకం ఎలా ఉంటుందో ఊహించగలను."

వెర్నాకి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. ఆమె కళ్ళముందు తొట్టి నిండుతోంది. సాయంత్రందాకా ఎండలో నిలబడ్డ నీరు తెల్లగా చిక్కబడి, జిడ్డు వాసన వేస్తుంది. ఏటా మొదటి నీటితో కాచిన తేటపాకం కోసం బర్లింగ్టన్ పట్నం నుంచి మనుషులొచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆ తేటపాకం వచ్చేది మొదటి రెండు మూడు రోజులే. ఇవాళ పోతే మళ్ళీ ఏడాదికే. ఆమె అమ్మ కాచిన పొయ్యి అది, అమ్మమ్మ కాచిన కొట్టం అది. ఒక్క ఏడు కూడా మొదటి నీరు వదులుకున్న ఆడది ఆ ఇంట్లో లేదు.

పదిన్నరకి అందర్నీ పైకి తీసుకెళ్ళారు. చెయ్యెత్తించి, అడిగినదానికి నిజమే చెబుతామని ప్రమాణం చేయించారు. ముందు బల్ల దగ్గర కోల్బీ డ్యుఫ్రేన్ కూర్చుని ఉన్నాడు. ఇరవైనాలుగేళ్ళవాడు, ఎవరిదో కోటు, చేతులు పొట్టి. జనవరిలో చెరువు గడ్డకట్టినప్పుడు జరిగిన చేపల పోటీలో తాగినవాళ్ళు కొట్టుకుంటే ఒకడి దవడ విరిగింది. కోల్బీ మంచుగడ్డ పొడిచే ఇనపకోలతో కొట్టాడని కేసు. నేను విడదీయబోయాను, కోల లాక్కున్నాను, కొట్టలేదు అని కోల్బీ మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నాడు.

ఈ అబ్బాయిని ఎరిగినవాళ్ళు చెయ్యెత్తండి అంటే నలభై చేతులు లేచాయి. జడ్జి నవ్వి, ఈ కౌంటీలో ఎరగనివాళ్ళ కోసం చూస్తే ఎలుగుబంట్లని పిలవాల్సొస్తుంది, ఎరగడం తప్పు కాదు, విని న్యాయంగా తేల్చగలరా లేదా అన్నదే ప్రశ్న అన్నాడు. తరవాత ఒక్కొక్కరే తమ ఇబ్బందులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకావిడకి పళ్ళ డాక్టరు, వాయిదా వేసుకోమన్నారు. ఒక మేష్టారికి పరీక్షలు, బడి చూసుకుంటుందన్నారు. వెండెల్ లేచి, "జడ్జిగారూ, చెట్టునీరు పారుతోంది" అన్నాడు.

"నాదీ పారుతోంది స్ప్రేగ్ గారూ" అన్నాడు జడ్జి. "మా ఆవిడ పొద్దుటినుంచీ నన్ను తిట్టుకుంటూ బకెట్లు మోస్తోంది. కూర్చోండి."

ఆ తలుపు మూసుకుపోయింది. అప్పటికే పదకొండు. మధ్యాహ్నందాకా ఎంపిక, తరవాత విచారణ, ఇవాళా రేపూ ఎల్లుండీ. మూడు రోజుల నీరు! వెర్నా కాలు ముందు కుర్చీని తన్నింది, సారీ చెప్పింది, మళ్ళీ తన్నింది.

అప్పుడు రెండో వరసలో ఒకాయన లేచి, దవడ విరిగినవాడు మా పినతండ్రి కొడుకు, నేను ఈ అబ్బాయి విషయంలో న్యాయంగా ఉండలేను అన్నాడు. జడ్జి ఒక్క మాట అడగలేదు. సెలవు, వెళ్ళండి అన్నాడు. అంతే. పళ్ళనొప్పికి తెరుచుకోని తలుపు, పరీక్షలకి తెరుచుకోని తలుపు, ఆ ఒక్క మాటకి బార్లా తెరుచుకుంది. ఆయన టోపీ తీసుకుని బయటికి నడిచిపోతుంటే వెర్నా ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది.

ఆమె వంతు వచ్చింది. కోల్బీ తరపు లాయరు ఒక చిన్న వయసు అమ్మాయి, గొంతు మెత్తగా ఉంది. ఈ కేసు విని మీరు న్యాయంగా తేల్చగలరా అని అడిగింది.

"తేల్చలేను" అంది వెర్నా.

"ఎందుకని?"

ఎందుకనో వెర్నా ఆలోచించి పెట్టుకోలేదు. "ఇతని గురించి విన్నదాన్నిబట్టి" అంది.

"ఏం విన్నారు?"

"అందరూ విన్నదే."

ఆమె అతని గురించి విన్నది ఏమీ లేదు. చూసింది మాత్రం ఉంది. నిరుడు ఏప్రిల్‌లో బురదదారిలో ఆమె నీళ్ళ బండి ఇరుసుదాకా దిగబడితే, అటువైపు పోతున్న కోల్బీ ఆగి, మోకాలిలోతు బురదలో పడుకుని గొలుసు కట్టి, గంటసేపు కష్టపడి లాగి పెట్టాడు. ఏమీ పుచ్చుకోనన్నాడు. వేడి పాకం ఒక కప్పు తాగి వెళ్ళాడు. ఆ సంగతి ఇప్పుడే గుర్తుకురావాలా అని ఆమె తన మీద తానే విసుక్కుంది. కోల్బీ తలెత్తి ఆమె వంక చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. తరవాత తల దించుకుని కోటు చేతులు కిందికి లాక్కున్నాడు.

సెలవు అన్నాడు జడ్జి.

గొర్రెదాటు అంటారే, అదే జరిగింది. వెండెల్ వంతు వచ్చినప్పుడు అతనూ న్యాయంగా ఉండలేనన్నాడు. కారణమడిగితే, "వెర్నా చెప్పిందిగా, అందరూ విన్నదే" అన్నాడు. తరవాత వాళ్ళబ్బాయి. తరవాత పాలడెయిరీ దగ్గరి తోటవాళ్ళు ఇద్దరు. అయిదుగురూ కాచేవాళ్ళే. అయిదుగురూ వరసగా లేచి, ఒకే మాట అని, ఒకే తలుపులోంచి బయటపడ్డారు.

బయటపడ్డారన్న మాటే గాని ఇంటికి పోనివ్వలేదు. ఈ కేసుకి వద్దన్నవాళ్ళు ఇంకో కేసుకి కావలసిరావచ్చు, గుమస్తా చెప్పేదాకా కింద కూర్చోవాలట. వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ అవే ఆకుపచ్చ కుర్చీలు, అదే వంతెన, ఆకాశంలో అవే నాలుగు చిల్లులు. పన్నెండయింది. తినుబండారాల యంత్రంలో చిల్లర వేస్తే బిస్కెట్లు సగం దిగి గాజు వెనక వేలాడాయి. దాన్ని కుదిపింది, తట్టింది, భుజంతో మోదింది. కాపలా మనిషి వచ్చి అమ్మా అన్నాడు. ఒంటిగంటయింది. కాలవలో చుక్కలు ఇప్పుడు చుక్కల్లా లేవు, సన్నని ధార. "ఇప్పుడు నాది పొర్లుతోంది" అన్నాడు వెండెల్. రెండింటికి ఆమె వంక చూసి, "ఇప్పుడు నీది" అన్నాడు. పైకి వెళ్ళి చేసొచ్చిన పని గురించి అయిదుగురిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

రెండుంపావుకి గుమస్తా వచ్చి, కేసు అయిపోయింది, విచారణ లేదు, అందరూ వెళ్ళొచ్చు అంది. కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. అయినా వదల్లేదు, జడ్జి ఒక్క మాట చెబుతాడట. ఆయన మెట్లు దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దుటి నవ్వు లేదు.

"రోజంతా ఊరికే కూర్చున్నాం అనుకోకండి. చాలా కేసులు తేలిపోయేది మీరిక్కడికి వచ్చి కూర్చోబట్టే. ఇవాళ కూడా మీవల్లే తేలింది."

ఇలాంటి మాటలు పెద్దలు అంటూనే ఉంటారు. వీడియోలో జెండా ముందు నిలబడ్డాయనా ఇంతకన్నా వేరేగా చెప్పలేదు. వెర్నా అప్పటికే కోటు తొడుక్కుని తలుపు దగ్గరుంది.

ఇంటికి పాతిక నిమిషాల దారి. ఫోను ఆన్ చేసి చూసుకునే ఓపిక కూడా లేదు. దారి పొడుగునా ప్రతి తోటలోనూ కొట్టాల కప్పుల్లోంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. లోకమంతా కాస్తోంది, నా ఇల్లు తప్ప అనుకుంది. చివరి మలుపు తిరిగేసరికి ఆమె కొట్టం మీద కూడా ఆవిరి కనబడింది.

రాయిస్ ముట్టించాడన్నమాట. కారు అడ్డదిడ్డంగా ఆపేసి, మోకాలి సంగతి మరిచిపోయి పరిగెత్తింది. తలుపు తోసేసరికి తియ్యటి ఆవిరి మొహాన కొట్టింది. మాడు వాసన లేదు. ఆవిరిలో ఒక ఆడమనిషి, చేతులు పైకి మడుచుకుని, చిల్లుల గరిటెతో నురగ తీస్తోంది. ఓడెట్ డ్యుఫ్రేన్. కోల్బీ తల్లి.

"వచ్చావా?" అంది ఓడెట్, చేతిపని ఆపకుండా. "కోప్పడకు. ఈ దారినే పోతున్నాను. అందరి కప్పుల మీదా ఆవిరుంది, నీ కప్పు మీద లేదు. పన్నెండప్పుడు దిగి చూస్తే తొట్టి నిండుతోంది."

ఈ కొండల్లో అదొక ఆనవాయితీ. నీరు పారే రోజున ఎవరి కొట్టం మీదైనా ఆవిరి లేకపోతే, ఆ దారిన పోయేవాళ్ళు ఆగాలి. లోపల మనిషి పడిపోయి ఉండొచ్చు, ఊళ్ళో లేకపోవచ్చు, ఏమైనా కావచ్చు. ముందు పొయ్యి ముట్టించాలి, తరవాత కబురు చెయ్యాలి. మాటలు లేని ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఒక్క పనికి ఆగుతారు. ఓడెట్ మొగుడున్న రోజుల్లో వాళ్ళకీ తోట ఉండేది. అతను పోయాక అది చేతులు మారింది. పదేళ్ళ తరవాత కూడా ఆమె గరిటె పట్టిన తీరు చూస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నురగ పైకి లేవగానే వెన్నముక్క అంచుకి తాకించింది, నురగ అణిగిపోయింది. గూట్లో తేటపాకం సీసాలు అప్పటికే తొమ్మిదున్నాయి. ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో బంగారంలా ఉంది.

వెర్నా కృతజ్ఞతలు చెప్పాలి. ఆ మాటకి బదులు సీసాలు మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇంట్లో ఉండలేకపోయాను" అంటోంది ఓడెట్. "కోర్టుకి రావద్దన్నాడు వాడు. నువ్వు ఏడిస్తే నాకు మాట రాదన్నాడు. కారేసుకుని ఊరకే తిరుగుతున్నాను. నిజం చెప్పనా, ఇక్కడ పని దొరకబట్టి బతికిపోయాను. నిన్నూ పిలిచారని బడి దగ్గర రాయిస్ చెప్పాడు వెర్నా. అప్పటినుంచీ ఒకటే అనుకుంటున్నాను. పన్నెండుమందిలో వెర్నా ఉంటే చాలు, వాడు చెప్పేది చివరిదాకా వినే మనిషి ఒకరైనా ఉంటారు. తీసుకున్నారా నిన్ను?"

"లేదు" అంది వెర్నా. "కేసు అయిపోయిందన్నారు."

"అయిపోయిందా?" ఓడెట్ గరిటె గాల్లో ఆగింది. "కొట్టేశారా?"

బయట పికప్ బండి ఆగిన చప్పుడైంది. తల్లి కారు వాకిట్లో చూసి ఆగినట్టున్నాడు కోల్బీ. అరువు కోటుతోనే లోపలికొచ్చాడు. వెర్నాని చూసి గుమ్మంలోనే ఆగాడు. తరవాత ఆమె లేనట్టే తల్లి వైపు తిరిగాడు.

"నేరం ఒప్పుకున్నానమ్మా" అన్నాడు. "ఎనిమిది నెలల జైలు. సోమవారం తీర్పు చదువుతారు."

"కొట్టలేదన్నావు నువ్వు."

"కొట్టలేదు."

"మరి?"

"ఒప్పుకుంటే ఎనిమిది నెలలతో పోతుంది, విచారణలో ఓడిపోతే అయిదేళ్ళు పడొచ్చంది లాయరమ్మ. మొన్నటిదాకా ఆవిడే గెలుస్తామంది. ఇవాళ అయిదుగురు వరసగా లేచి, నా మొహం ముందే, వీడి విషయంలో న్యాయంగా ఉండలేమన్నారు. వాళ్ళతో నాకు గొడవల్లేవు. ఊరంతా నా గురించి ఏదో వినే ఉందట. పైకి చెప్పినవాళ్ళు అయిదుగురైతే చెప్పకుండా కూర్చున్నవాళ్ళు ఎందరో అంది లాయరమ్మ. నాకూ అలాగే అనిపించింది."

"ఎవరు వాళ్ళు?" అంది ఓడెట్.

కోల్బీ నేల చూశాడు. "ఎవరో. తెలిసినవాళ్ళే."

పెనంలో నురగ లేస్తోంది. ఎవరూ చూడటం లేదు. అతను చెప్పడని వెర్నాకి అర్థమైంది. తల్లి చెయ్యి తన పొయ్యి మీద ఉండగా, ఆ తల్లికి తన పేరు అతను చెప్పడు. ఊరుకుంటే ఇది ఇక్కడితో పోతుంది. ఇంకో తొమ్మిది సీసాలు నిండుతాయి.

"మొదటిదాన్ని నేనే" అంది వెర్నా. "నేను మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకున్నారు. వాళ్ళకీ తొట్లు నిండుతున్నాయి. ఊళ్ళో ఎవరూ ఏమీ వినలేదు ఓడెట్. నేనూ వినలేదు. ఇంటికి రావాలని అన్నాను. దీని కోసం."

దీని కోసం అన్నప్పుడు ఆమె చెయ్యి పెనం వైపు చూపించింది. ఓడెట్ కూడా అటు చూసింది. నురగ అంచు దాటబోతోంది. అలవాటు మనిషిని వదలదు. ఆమె వెన్నముక్క తాకించి దాన్ని అణిచింది. గరిటె దాని మేకుకి తగిలించింది. చేతులు తుడుచుకుని, తను కట్టుకున్న వెర్నా ఆప్రాన్ విప్పి, మడతపెట్టి కట్టెల మీద ఉంచింది. కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగింది.

"ఏడు నిమిషాలైంది. కట్టెలెయ్యి" అంది.

వెర్నా కట్టెలు వేసింది. చేతులు వాటంతటవే వేశాయి. పికప్పూ దాని వెనకే కారూ దారి మలుపు తిరగడం వినిపించింది. జడ్జి గుమ్మంలో నిలబడి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇవాళ కూడా మీవల్లే తేలింది. ఆయన దెప్పాడో, మామూలుగా అన్నాడో తెలియదు. ఏదైతేనేం, అన్నది నిజం.

మూడూ నలభైకి రాయిస్ బస్సు దించేసి వచ్చాడు. వాకిట్లో ఆవిరి చూసి సంతోషంగా లోపలికి తొంగిచూశాడు. వెర్నా చేతితొడుగులు విప్పి అతని చేతిలో పెట్టింది.

"నేనా?" అన్నాడు.

"నువ్వే. ఏడు నిమిషాలకోసారి కట్టెలు. నురగ లేస్తే వెన్న."

"మాడితే?"

"మాడనీ."

ముప్పై ఏళ్ళలో ఆమె నోట ఆ మాట వినలేదు అతను. ఎక్కడికని అడిగాడు. కోర్టుకి అంది. మళ్ళీ పిలిచారా అన్నాడు. లేదు అంటూనే ఆమె కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

నాలుగుంపావుకి కోర్టు మెట్లెక్కుతుంటే కాపలా మనిషి, ఏమన్నా మరిచిపోయారా అని అడిగాడు. అవునంది. ఫోను తనే తీసి తట్టలో పడేసింది. గుమస్తా బల్ల సర్దుకుంటోంది. వెర్నా చెప్పింది రెండుసార్లు విని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"పొద్దున ప్రమాణం చేసి అబద్ధం చెప్పానంటున్నారు. అది మీ మీదికే వస్తుంది, తెలుసా?"

"తెలుసు."

"ఆ అబ్బాయి ఒప్పుకోలు వెనక్కి తీసుకోనిస్తారో లేదో నేను చెప్పలేను. జడ్జిగారు లోపల వేరే పనిలో ఉన్నారు, ఎంతసేపవుతుందో కూడా చెప్పలేను. ఒక లాయర్ని చూసుకుని రేపు రండి. రేపు కూడా నీరు పారేలా ఉంది, పొద్దున్నే అక్కర్లేదు, సాయంత్రం రండి."

"ఉంటాను" అంది వెర్నా.

కింది గదిలో దీపాలు సగం ఆర్పేశారు. వంతెన బొమ్మని ఎవరో చెరిపేసి పెట్టెలో పోశారు. ఆమె పొద్దుటి కుర్చీలోనే కూర్చుంది. బయట చలి మళ్ళీ దిగుతోంది, కాలవలో ధార చుక్కలై, చుక్కల మధ్య ఎడం పెరిగింది. ఏడు నిమిషాలకి కుడికాలు అదిరింది. వెర్నా దాని మీద అరచెయ్యి వేసి అదిమి పట్టుకుని, అలాగే కూర్చుంది.